గరిటెడు నూనె

జర్మనీలో ఎడారి ఉందంటే మా అత్తగారు నమ్మలేదు. ఏడో నెల కడుపుతో కోడలు ఆ ఎడారికి బయలుదేరిందంటే అసలే నమ్మలేదు. వరంగల్ నుంచి ఫోన్ చేసి, దానికి బుద్ధి లేకపోతే నీకన్నా ఉండాలి కదరా అని కొడుకును చీవాట్లు పెట్టింది. ఆయన తల ఊపుతూ బుద్ధిగా విన్నాడు. తను ఐదు శనివారాలుగా ఆ ఎడారికే పోయి వస్తున్నానని గానీ, కారులో పక్క సీట్లో గీతిక కూర్చుంటోందని గానీ తల్లితో చెప్పలేదు. నేనూ చెప్పలేదు. చెబితే పోయేది నా పరువే.

ఇది 2021 వేసవి మాట. మేం కెమ్నిట్జ్‌లో ఉండేవాళ్లం. అక్కడికి రెండు గంటల దూరంలో, లౌజిట్జ్ వైపు, ఏళ్ల తరబడి బొగ్గు తవ్వి వదిలేసిన చోట కిలోమీటర్ల కొద్దీ ఇసుక మిగిలింది. చెట్టు లేదు, నీడ లేదు. కొందరు కళాకారులు దానికి ఎడారి అని పేరు పెట్టుకుని, ఏటా జూన్‌లో మూడు రోజుల పండగ చేసేవారు. ఇసుకలో బొమ్మలు నిలబెడతారు, పాటలు పాడతారు, చూడ్డానికి ఊళ్లనుంచి జనం వస్తారు. ముందు ఏడాది కరోనా వల్ల పండగ ఆగిపోయింది. ఈ ఏడు రోజుకు రెండు వందల మందినే రానిస్తామని, ముక్కులో పుల్ల పెట్టించుకుని ష్నెల్‌టెస్ట్ కాగితం తెచ్చినవాళ్లకే లోపలికి దారి అని ప్రకటించారు.

ఆ పండగలో గీతిక పెట్టబోయే పని నాది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ వేసవంతా నేను ఎవరికీ చెప్పుకోలేక ఉడికిపోయింది దీని గురించే.

గీతిక మలక్‌పేట అమ్మాయి. నేను యూనివర్సిటీలో టెక్స్‌టైల్స్ చదివినప్పుడు నాకంటే రెండేళ్లు వెనక. నా ప్రాజెక్టు ఉద్యోగం కరోనాతో పోయింది, ఆమెకు మాత్రం ల్యాబులో ఇంకా సగం రోజు పని ఉండేది. ఆ జనవరిలో ఒక ఇంటివాళ్లు బయటివాళ్లలో ఒక్క మనిషినే కలవాలని రూలు పెట్టారు. మా ఇంటికి ఆ ఒక్క మనిషి గీతిక. ఇద్దరం మంచులో ష్లోస్‌టైచ్ చెరువు చుట్టూ గంటల కొద్దీ తిరిగేవాళ్లం. ఒకరోజు మా ఊరు కొయ్యలగూడెంలో మా నేతగాళ్ల వీధి సంగతి చెప్పాను. తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు సాగదీసి కట్టేవారు. పడుగంటే మగ్గం మీదికి ఎక్కాల్సిన నిలువు పోగులు. ఒక కొసన మా నాన్న, ఇంకో కొసన పెదనాన్న. మధ్యలో ఆడవాళ్లు పోగులకు గంజి పట్టిస్తూ, కుంచెతో దువ్వుతూ పోయేవారు. ఎండ ఎక్కేలోపు పని అయిపోవాలి. అప్పటిదాకా ఎంత గొప్పవాడైనా సైకిలు దిగి పక్క వీధిలోంచి పోవాల్సిందే.

అట్లాంటి పడుగును ఇసుకలో పరిస్తే ఎట్లుంటుంది, దాని కొసన గుంట తీసి మగ్గం దింపితే, వచ్చినవాళ్లంతా తలా ఒక వరస నేసి పోతే ఎట్లుంటుంది అని నేనే అన్నాను. గీతిక అక్కడికక్కడే ఆగి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ వారమే ఇద్దరి పేర్లతో దరఖాస్తు పెట్టాం. బొమ్మలు ఆమె గీసింది, లెక్కలు నేను రాశాను. నలభై మీటర్లు, తొమ్మిది వందల పోగులు, తెల్ల నూలు.

మార్చిలో ఎంపికైనట్టు కబురొచ్చింది. వారం తిరక్కుండానే నాకు రక్తం కనిపించింది. డాక్టరమ్మ చూసి, బిడ్డకేం కాలేదు గానీ నాలుగు వారాలు మంచం దిగొద్దంది. ఆయన పక్కన కూర్చుని, ఆ పడుగు గొడవ నేను చూసుకుంటా, నువ్వు మనసులో పెట్టుకోకు అన్నాడు. భర్త ఆ మాట అంటే ఏ భార్యకైనా ప్రాణం లేచొస్తుంది. నాకూ లేచొచ్చింది.

ఏప్రిల్లో ఇంకో ముచ్చట. కడుపుతో ఉన్నవాళ్లకు అప్పటికి టీకా వేయడం లేదు. దానికి బదులు వాళ్లకు దగ్గరగా మసిలే ఇద్దరికి ముందుగా వేస్తారట. ఆ ఇద్దరి పేర్లూ రాసి కడుపుతో ఉన్న మనిషే సంతకం చెయ్యాలి. ఊరంతా టీకా టెర్మిన్ కోసం, అంటే తారీఖు దొరకడం కోసం, అల్లాడుతున్న రోజులవి. ఒక పేరు ఆయనది. రెండో పేరు ఎవరిది రాయాలంటే నేనే గీతికది చెప్పాను. ఇద్దరూ ఒకే రోజు పోయి, ఒకే వరసలో నిలబడి వేయించుకుని, సూది పడ్డ జబ్బలు ఎవరివి వాళ్లు పట్టుకుని మూలుగుతూ వచ్చారు. వాళ్లిద్దరినీ ఒకే కారులో కూర్చోబెట్టింది నా సంతకమే అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో.

మే నెల మధ్యలో పండగ వాళ్లు కళాకారుల జాబితా పెట్టారు. గీతిక గీసిన మా పని బొమ్మ కింద గీతిక పేరు ఒక్కటే ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో, సాంకేతిక సహాయం: శశికాంత్. నేను ఆ పేజీని కిందికీ పైకీ జరిపి చూశాను. కారు సాఫ్ట్‌వేర్ రాసుకునే మా ఆయన పేరుంది. సుభద్ర అన్న నా పేరు లేదు.

ఆయన్ని అడిగాను. ఒక పనికి ఒకే పేరు వేస్తారట, వాళ్ల పద్ధతి అది అన్నాడు. ఆ పక్క పనికే మూడు పేర్లు ఉన్నాయని నేను చూపించలేదు. చూపిస్తే గొడవవుతుంది, గొడవైతే బీపీ పెరుగుతుంది, పెరిగితే మళ్లీ మంచం. గీతికను అడుగుదామని ఫోన్ చేతిలోకి తీసుకుని, అడిగితే నేను చిన్నదాన్నవుతానని పక్కన పెట్టాను. తనే చెప్పాలి కదా. రోజూ ఎట్లున్నావక్కా, తిన్నావా అక్కా అని మెసేజ్ పెడుతుంది గానీ పడుగు మాట ఒక్కటీ ఎత్తదు. దొంగతనం చేసినవాళ్లు దొంగిలించిన వస్తువు సంగతి ఎందుకు ఎత్తుతారు అనుకున్నాను.

ఇక శనివారాలు మొదలయ్యాయి. పొద్దున ఏడింటికి గీతిక కింద గంట కొట్టేది. ఆయన ఆఫీసుకు కూడా అంత తొందరగా తయారైన మనిషి కాదు. స్తంభాలు పాతాలి, మగ్గం గుంటకు పలకలు కొట్టాలి, తాళ్లు బిగించాలి అని పరుగెత్తేవాడు. సాయంత్రం ముక్కు ఎర్రగా కాలి, సాక్సుల నిండా ఇసుకతో వచ్చేవాడు. ఆ ఇసుక నేను ఊడ్చేదాన్ని. అన్నం ముందు కూర్చుని పడుగు, దానికి అడ్డంగా పడే పేక, అల్లిక అని మాట్లాడేవాడు. పెళ్లయిన నాలుగేళ్లలో మా నాన్న ఏం పని చేస్తాడో వివరంగా అడగని మనిషి, పేక ఎంత బిగువుగా పడాలో నాకు చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరు నేర్పారు అంటే గీతిక అన్నాడు. గీతికకు ఎవరు నేర్పారో అడగలేదు.

కుళ్లుకున్నాను. దీనికి ఇంతకంటే మర్యాదైన మాట నేను వెతకను. వాళ్ల మధ్య ఏదో ఉందనుకున్నాను. ఏమీ లేదని ఇంకో గంటకు అనుకునేదాన్ని. ఆయన స్నానానికి పోతే ఫోన్ చూసేదాన్ని. అందులో అన్నీ కొయ్యల కొలతలు, తాళ్ల ధరలు, ఇసుక ఫోటోలు. ఒక్క ముద్దు మాట దొరికినా నాకు హాయిగా ఉండేది. కిందికి చూస్తే నా కాళ్లు నాకు కనిపించేవి కావు. ఫోటోల్లో గీతిక ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, ఇసుకలో చెప్పులు లేకుండా నిలబడి నవ్వుతూ ఉండేది.

జూన్ మొదటి ఆదివారం గంజి మా ఇంట్లోనే కాచారు. గీతిక ఉండే చోట వంటిల్లు నలుగురిదీ, అంత పెద్ద గిన్నె పట్టదు. ఏషియన్ షాపులో నేను చెప్పి తెప్పించుకున్న సోనా మసూరి బియ్యం సంచి విప్పారు. ఆయన పొయ్యి ముందు నిలబడి, చెమటలు కక్కుతూ గంటన్నర గరిటె తిప్పాడు. నాకు మూడో నెలలో నోట్లో నీళ్లు కూడా నిలవనప్పుడు, కాస్త గంజి కాచివ్వమని అడిగితే, ఫోన్లో వీడియో వెతికి, అర్థం కాలేదని బ్రెడ్డు తెచ్చి పెట్టిన మనిషి. నూలు నోరు తెరిచి అడగకపోయినా దానికి కాచాడు. నేను తలుపు చెక్కకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాను.

గంజి చిక్కబడింది. గీతిక వేలికి తీసుకుని సాగదీసి చూసి, నా వైపు తిరిగింది. ఆ నెల రోజుల్లో పని గురించి ఆమె నన్ను అడిగింది ఆ ఒక్కసారే.

"ఇంతేనా అక్కా? ఇంక ఏమన్న కలుపుతరా ఇండ్ల?"

కలుపుతారు. దించే ముందు గరిటెడు నూనె పోస్తారు. మా నానమ్మ వేరుశెనగ నూనె పోసేది. నూనె పడని గంజి పట్టిస్తే పోగు ఎండాక పెళుసెక్కుతుంది. నీడలో, తడి నేల మీద ఎట్లాగో నిలుస్తుంది, వేడిగాలి తగిలితే విరుగుతుంది. మా వీధిలో పదేళ్ల పిల్లకు కూడా తెలిసిన సంగతి ఇది. నూనె సీసా నా చేతికి అందేంత దూరంలోనే ఉంది.

"ఇంతే" అన్నాను.

గీతిక థ్యాంక్స్ చెప్పి గిన్నె దించమంది. ఆయన దించాడు. ఆ సాయంత్రమే ల్యాబు వరండాలో పడుగు సాగదీసి దానికి పట్టించారు.

పండగ వారం ఎండలు ముదిరాయి. ముప్పై ఆరు డిగ్రీలని రేడియోలో చెప్పారు. జర్మనీలో ఇళ్లకు ఫ్యాన్లు కూడా ఉండవు. నేను వస్తానన్నాను. ఆయన వద్దన్నాడు. డాక్టరమ్మను అడిగితే, నీడలో కూర్చుని నీళ్లు తాగుతూ ఉంటే పరవాలేదంది. మా అత్తగారి సంగతి మొదట్లోనే చెప్పాను. ఎందుకొస్తున్నావని ఆయన మళ్లీ అడిగితే, నా పడుగు చూసుకోవడానికి అని పైకి అన్నాను. లోపల మాత్రం అది విరుగుతుందో లేదో చూడాలని ఉంది. వాళ్లిద్దరూ పక్కపక్కన నిలబడితే ఎట్లుంటారో కూడా చూడాలని ఉంది.

మగ్గం ఆడే మొదటి రోజు, శనివారం పొద్దున, గేటు దగ్గర టెస్ట్ కాగితాలు చూపించి లోపలికి పోయాం. కాగితాలు చూసే పెద్దాయన పేరు యుర్గెన్. ఆ గనిలోనే ముప్పై ఏళ్లు యంత్రం నడిపాడట. నా కడుపు చూసి, ఏమీ అడక్కుండా పోయి ఒక మడత కుర్చీ, పెద్ద గొడుగు తెచ్చి ఇసుకలో పాతాడు. ఆ వేసవిలో నన్ను ఏమీ అడగకుండా నాకు కావాల్సింది తెచ్చిపెట్టిన మనిషి ఆయనొక్కడే. మాస్కు కింద చెమట కారుతుంటే అక్కడ కూర్చుని తలెత్తి చూశాను.

నలభై మీటర్ల పడుగు. నడుమెత్తున, అటూ ఇటూ స్తంభాల మధ్య బిగించి, తెల్లగా, తొమ్మిది వందల పోగులూ వేటికవి కనిపిస్తూ, ఇసుక మీద దాని నీడ గీతలు గీతలుగా. నేను జనవరిలో మంచులో నిలబడి ఏది చెప్పానో అదే. అంతకంటే బాగుంది. దాని ముందు చెక్క పలక మీద గీతిక పేరు. నా కళ్లలో నీళ్లొచ్చాయి, అవి ఎండవల్ల వచ్చాయని ఆయనతో అన్నాను.

గీతిక పరుగెత్తుకొచ్చి కౌగిలించుకోబోయి, దూరం పాటించాలని గుర్తొచ్చి ఆగింది. అక్కా, నువ్వొస్తవనుకోలేదు అంది. ఆ మాటకు నాకు తోచిన అర్థం వేరు.

పదకొండు దాకా బాగానే నడిచింది. జనం గుంట దగ్గర వరసలో నిలబడి, ఒకరి తర్వాత ఒకరు దిగి తలా ఒక వరస నేశారు. పేక పోగును అటూ ఇటూ మోసే నాడె ఎట్లా విసరాలో ఆయన చూపిస్తున్నాడు. తప్పుగా చూపిస్తున్నాడు. పన్నెండు దాటాక గాలి మొదలైంది. వేడిగా, సన్నటి ఇసుకతో. మొదటి పోగు తెగిన చప్పుడు నాకొక్కదానికే వినపడిందనుకుంటాను, ఎందుకంటే ఎవరూ తలెత్తలేదు. తర్వాత ఇంకొకటి. తర్వాత నాలుగైదు కలిపి. తెగిన కొసలు ఇసుకలో పడి పొర్లుతున్నాయి.

నాకు సంతోషం వేసింది. దాచి ఏం లాభం, వేసింది. కుర్చీలో వెనక్కి ఆనుకుని, సీసాలో నీళ్లు తాగాను. ఒంటిగంటకు గీతిక మగ్గం ఆపించింది. ముడులు వేస్తే ముడి పక్కన తెగుతోంది. నీళ్లు చల్లితే గంజి జిగురై పోగులు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. ఆయన అటొక తాడు వదులు చేసి, ఇటొక తాడు బిగించి, ఇంకా తెంచాడు. మూడు గంటలకు మూడో వంతు పోయింది. చూసేవాళ్లు ఒక్కొక్కరే మొహమాటంగా పక్క పనుల వైపు జరిగారు. పడుగు మధ్యలో పెద్ద సందు పడింది, అందులోంచి అవతలి ఇసుక కనిపించింది. ఆ సందు చూసేసరికి నా సంతోషం ఎటు పోయిందో పోయింది. అది మా వీధి. మా నాన్న పట్టుకున్న కొస. దాన్ని అట్లా చేసింది నేను.

గీతిక వచ్చి నా గొడుగు నీడ అంచున ఇసుకలో కూలబడింది. పెదాలు పగిలి ఉన్నాయి. ఇది నిలవదని నీకు ముందే తెలుసు కదక్కా అంది. నూనె సంగతి తెలిసిపోయిందనుకున్నాను. ఆమె నా మొహం చూడకుండా మాట్లాడుతూనే పోయింది.

"అందుకే పేరు తీసెయ్యమన్నవ్. అప్పుడు నాకు చాల బాధైంది. కలిసి చేద్దామని, ఇంత చెప్పి, నడుమల ఇంట్రెస్ట్ పోయిందని శశి అన్నతోని మెయిల్ పెట్టిస్తవా అని. అడుగుదామంటే, దీని మాట ఎత్తితే నువ్వు ఏడుస్తున్నవ్, ఎత్తొద్దు అన్నడు. నేను ఎత్తలే."

ఏ మెయిల్ అని అడిగాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. ఇద్దరం ఒకేసారి పడుగు వైపు చూశాం. ఆయన అక్కడ, తెగిన పోగుల మధ్య గొంతుక్కూర్చుని, అటు నుంచి ఒక కొస, ఇటు నుంచి ఒక కొస పట్టుకుని, ఏది దేనిదో తెలియక తిప్పలు పడుతున్నాడు.

"నేను వద్దనలేదు గీతికా" అన్నాను.

ఆమె లేచి, ప్యాంటుకు అంటిన ఇసుక దులుపుకుని ఆయన వైపు కాకుండా తన టెంటు వైపు నడిచింది. నూనె సంగతి అప్పుడు చెప్పాల్సింది. తప్పు ఇంకొకరిది కూడా ఉందని అప్పుడే తెలిసిన మనిషికి, తన తప్పు వెంటనే ఒప్పుకోవాలని అనిపించదు.

దగ్గర ఊళ్లో మాకొక గది ఉంది. సాయంత్రం ఆరింటికి, ఇంకా మండుతున్న ఎండలో, కారు గది ముందు ఆపాక నేను దిగలేదు. మెయిల్లో ఏం రాసినవ్ అని అడిగాను. ఆయన స్టీరింగు మీద చేతులు అట్లాగే ఉంచాడు. నీ మంచికే చేసిన అన్నాడు మొదట. డాక్టర్ చెప్పింది కదా అన్నాడు. డాక్టర్ నాలుగు వారాలు చెప్పింది, పేరు తీసెయ్యమని చెప్పలేదు అన్నాను. అప్పుడు కారు అద్దంలోంచి ముందుకే చూస్తూ చెప్పాడు.

"చలికాలమంత మీరిద్దరే. ఆ పిల్ల వస్తే నీ మొఖం వేరే ఉండేది. నవ్వుడు, ముచ్చట్లు, చేతులు ఊపుడు. నాలుగేండ్లల నాతోని ఒక్కసారి అట్ల మాట్లాడలే నువ్వు. తలుపు వేసుకుని మీటింగుల కూర్చునేటోన్ని, మీ నవ్వు వినొస్తుండె. నువ్వు మంచంల పడ్డంక అనిపించింది, నీ జాగల నేను పోతే, ఆ పనేందో నేను కూడ నేర్చుకుంటే, నాతోని కూడ అట్ల మాట్లాడుతవని."

తిడదామని నోరు తెరిచాను. నెల రోజులుగా కూడబెట్టుకున్న తిట్లు. ఒక్కటీ రాలేదు. ఆయన చెప్పేది నాకు బాగా తెలిసిన రోగం. దాని మంట ఎట్లుంటుందో, అది మనిషి చేత ఏం చేయిస్తుందో నాకు ఎవరూ వివరించక్కరలేదు. ఆయన శనివారాలన్నీ పడుగు గురించి మాట్లాడింది నాతో మాట్లాడటానికే. నేను పళ్లెం తీసుకుని లేచిపోయేదాన్ని.

గంజిలో నూనె పొయ్యాలి అని చెప్పాను. ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, గంటన్నర కలిపిన కదా, పక్కనే నిలబడి చూసినవ్ కదా అన్నాడు. అవునన్నాను. కోపమొస్తుందనుకున్నాను. ఆయన కారు దిగి, నా వైపు తలుపు తీసి, చెయ్యి అందించి, రేపు పొద్దుగాల ఏం చెయ్యాల్నో చెప్పు అన్నాడు.

ఆదివారం ఐదింటికల్లా ఇసుకలో ఉన్నాం. గది ఇచ్చిన ముసలమ్మను అడిగి సన్‌ఫ్లవర్ నూనె సీసా తెచ్చాం. తెల్లవారుతున్న వేళ ఇసుక చల్లగా, కొంచెం తడిగా ఉంది. గీతిక అప్పటికే లేచి, పడుగు పక్కన ఒంటరిగా కూర్చుని తెగిన కొసలు వేరు చేస్తోంది. ఆయన పోయి ఆమె ముందు నిలబడి మెయిల్ గురించి తను చెప్పాల్సింది చెప్పాడు. నేను వాళ్ల మాటలు వినపడనంత దూరంలో ఉన్నాను. ఆమె తలూపింది, అంతే. తర్వాత నేను పోయి నా కుర్చీ ఆమె పక్కన వేయించుకున్నాను.

ఏం చెయ్యాలో వరసగా చెప్పాను. గోరువెచ్చని నీళ్లలో కాసిని చుక్కల సబ్బు, నూనె కలిపి చిలకాలి. బట్టకు అద్దుకుని పైపైన తుడవాలి, తడపకూడదు. ఆ పని ఆయనకు అప్పగించాను. తెగిన పోగులకు ముడి వేయకూడదు. వేళ్లకు బూడిద రాసుకుని రెండు కొసలూ కలిపి మెలితిప్పి అతకాలి. యుర్గెన్ తన ఇంటి పొయ్యిలోంచి ఒక డబ్బా బూడిద తెచ్చిచ్చాడు. గీతికకు ఒకసారి చూపిస్తే వచ్చింది. ఆమె వేళ్లు మంచివి, అది నేనెప్పుడూ కాదనలేదు. ఇద్దరం ఇరవై ముప్పై పోగులు అతికాం.

"నూనె" అంది అప్పుడు, చేతులు ఆపకుండానే. "ఆ రోజు నేను అడిగిన కదక్కా. ఇంతేనా అని."

"అడిగినవ్."

"నువ్వు ఇంతే అన్నవ్."

"అన్న."

ఇంకో పోగు అతికింది. ఇంకొకటి అందుకుంది. దూరంగా ఆయన వంగి, పడుగు ఒక కొస నుంచి నెమ్మదిగా తుడుచుకుంటూ వస్తున్నాడు.

"శశి అన్న గురించా?" అని అడిగింది.

అవునంటే సరిపోయేది. కడుపుతో ఉన్న ఆడది, మొగుడు వారం వారం ఇంకో అమ్మాయితో పోతుంటే ఓర్వలేకపోయిందంటే లోకంలో ఎవరైనా అర్థం చేసుకుంటారు. జాలి కూడా పడతారు. ఆమె అడిగిన తీరు చూస్తే, అవునని నేను అనాలని ఆమెకే ఉన్నట్టుంది. కానీ అంతకు ముందు ఒకసారి ఆమె అడిగితే అబద్ధం చెప్పాను. రెండోసారి చెప్పడానికి నోరు రాలేదు.

"నేను కూడ ఆయన గురించే అనుకున్న ఇన్నాళ్లు. కాదు. నా పడుగు నీ పేరు మీద నిలబడుతుంటే ఓర్వలేకపోయిన. నిలబడకపోతే బాగుండనుకున్న."

గీతిక చేతులు అప్పుడు ఆగాయి. బూడిద అంటిన వేళ్లను చూసుకుంది.

"అన్న గురించి అయితే మాఫ్ చేద్దునక్కా" అంది. గొంతు పెంచలేదు. మళ్లీ పోగు అందుకుంది.

పది గంటలకు మగ్గం ఆడింది. సాయంత్రం దాకా ఒక్కటంటే ఒక్క పోగు తెగలేదు. మధ్యాహ్నం గీతిక చెక్క పలక ఊడదీసి, కొత్తగా రాసి పెట్టింది. నా పేరు పైన, తన పేరు కింద. చూసేవాళ్లు గుమిగూడినప్పుడు మాస్కు సర్దుకుని, ఈ పని ఆలోచన సుభద్రది, ఇది వాళ్ల వీధి, నేను సాయం చేశాను అని మంచి జర్మన్‌లో చెప్పింది. జనం చప్పట్లు కొట్టారు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇన్ని నెలలు నేను కోరుకున్నది అదే. అది ఇచ్చేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

జులైలో ఆమె జిండెల్ఫింగెన్‌లో ఉద్యోగం చూసుకుని పోయింది. సామాన్లు ఎత్తడానికి ఆయన పోతానంటే వద్దంది. ఆగస్టులో మాకు పాప పుట్టింది. ఆయన గంజి కాచడం నేర్చుకున్నాడు, పాపను ఒళ్లో వేసుకుని నాతో చాలా మాట్లాడతాడు, నేనూ మాట్లాడతాను. నామకరణానికి గీతికను పిలువు అని రెండుసార్లు అన్నాడు. నేను పిలవలేదు. ఆమె జాగాలో నేనుంటే వచ్చేదాన్ని కాదు.